నేర్పే పట్టీ

వాగు దాటనని జీపు మొరాయించింది. డ్రైవరు రెండుసార్లు ముందుకు పోనిచ్చాడు. నీళ్లు తలుపు దాకా వచ్చేసరికి భయపడి వెనక్కి తీసేశాడు. ఇక చేసేదేమీ లేక పరిమళ పంట్లాం మోకాళ్ల పైకి మడిచింది. వెంట వచ్చిన నలుగురు వలంటీర్లూ, ఎదురొచ్చిన గూడెం ఆడవాళ్లూ కలిసి ముప్పై ఒక్క లాప్‌టాప్‌ పెట్టెలను నెత్తిన పెట్టుకుని వాగు దాటించారు. ఒక్క పెట్టె కూడా తడవలేదు.

పరిమళకు అప్పుడు ముప్పై ఆరేళ్లు. హైదరాబాదులో "తొలిపలక" అనే సంస్థ ప్రయోగశాలలో పనిచేసేది. ఆ లాప్‌టాప్‌లలో ఉన్న తెలుగు పాఠాలన్నీ రాసింది ఆమే. రాసి ఊరుకోలేక, తన పాఠాలు ఏ పిల్లలకు చేరుతున్నాయో కళ్లారా చూడాలని వలంటీర్ల బృందానికి పెద్దగా తనే బయల్దేరింది. ఆ గూడెం ఆదిలాబాదు అడవిలో, తారు రోడ్డుకు తొమ్మిది కిలోమీటర్ల లోపల ఉంది. నలభై గోండు కుటుంబాలు. ఒకటే గది బడి. ఒక్కడే మాస్టారు.

మాస్టారి పేరు మెస్రం మారుతి. ఆయనా గోండే. పెట్టెలు విప్పుతుంటే దగ్గరకొచ్చి, లాప్‌టాప్‌కు తగిలించి ఉన్న తెల్లని రబ్బరు పట్టీని వేలితో సాగదీసి చూశాడు.

"ఇదెందుకు మేడం?"

"నుదుటికి కట్టాలండి. అసలు పనంతా దానిదే. చూపిస్తాను."

ముందు వరసలో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లను పిలిచింది. పేరు సోంబాయి. రాగిరంగు జుట్టు, ముందరి పన్ను ఒకటి ఊడి ఉంది. పట్టీ కడితే కళ్లు గట్టిగా మూసుకుంది. తెరమీద కుక్క బొమ్మ వచ్చింది. పిల్ల దాన్ని చూసి నవ్వి, తన భాషలో దాని పేరు చెప్పింది. యంత్రం "కుక్క" అంది. ఆ మాట పిల్ల చెవిన పడ్డ క్షణాన్ని కనిపెట్టి పట్టీ సన్నగా గుయ్యిమంది. సోంబాయి చెవి వెనక గోక్కుంది. తర్వాత చెట్టు, ఇల్లు, నిప్పు, నీళ్లు. గంటసేపట్లో అరవై మాటలు అయ్యాయి. మర్నాడు పొద్దున అడిగితే అరవయ్యీ చెప్పింది. పదకొండో రోజుకు అక్షరాలు కూడబలుక్కుని పాఠం చదివింది.

మారుతి మాస్టారు బడి గడపమీద కూర్చుండిపోయాడు. "పదకొండేండ్ల సంది చెప్తున్న మేడం. ఐదో తరగతికొచ్చిన పోరలకు పేరు రాయొస్తలేదు. మీ మిషిన్‌ గిన్ని దినాల్ల ఎట్ల నేర్పిందో ఏమో. నేను దండుగ మనిషినైన."

"అలా అనకండి మాస్టారూ. మీరు లేకపోతే పిల్లలు బడికే రారు," అంది పరిమళ. లోపల మాత్రం ఆమెకు గర్వంగా ఉంది. తల్లిదండ్రుల చేత అంగీకార పత్రాలమీద వేలిముద్రలు వేయించే పని కూడా ఆమే చేసింది. పత్రం నాలుగు పేజీలుంది. అందులో ఏముందో చదివి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. అడిగినవాళ్లూ లేరు. సోంబాయి తల్లి ఏత్మాబాయి మాత్రం ముద్ర వేశాక సిరా అంటిన వేలిని చీరకు తుడుచుకోకుండా, ఎండిపోయేదాకా గాలిలోనే పట్టుకుని నిలబడింది. ఆమెకు తెలుగు రాదు. కూలికి పోయే మగవాళ్లకు నాలుగు ముక్కలు వచ్చు. ఆడవాళ్లకు ఆ అవసరమే రాలేదు.

హైదరాబాదుకు తిరిగొచ్చాక పరిమళ ఫలితాల కాగితాలు తీసుకుని డాక్టర్‌ విశ్వంభర్‌ గదిలోకి వెళ్లింది. పట్టీని కనిపెట్టింది ఆయనే. నెమ్మదస్తుడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు.

"ఆరిపోయిన మట్టిమీద అచ్చు పడదు కదమ్మా," అన్నాడాయన కాగితాలు తిరగేస్తూ. "తడపాలి. మాట వినబడ్డ ఆ ఒక్క క్షణం పట్టీ మెదడును తడుపుతుంది. అందుకే అంత గట్టిగా నాటుకుంటుంది."

"మరి అక్కడ అంతకుముందే ఒక అచ్చు ఉంటే?"

"కాస్త చెదురుతుంది. మళ్లీ కుదురుకుంటుంది. ఎలకల్లో చూశాం."

ఎలకలకు మాటలు రావు కదా అని ఆమెకు అనిపించింది. అనిపించింది గానీ అడగలేదు. అప్పటికే ఇంకో నాలుగు గూడేలకు పెట్టెలు సర్దుతున్నారు. ఆ హడావుడిలో పడిపోయింది.

దసరా దాటిన వారానికి పరిమళ మళ్లీ గూడేనికి వెళ్లింది. వాగు తగ్గింది. పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. బడిలో ముప్పై మంది పిల్లలు లేచి ఒకే గొంతుతో, "నమస్కారం. మీ రాక మాకు సంతోషం," అన్నారు. అది ఆమె రాసిన రెండో పాఠంలోని వాక్యమే. పరిమళకు కళ్లు చెమర్చాయి. సోంబాయి ఏదని అడిగింది.

మారుతి మాస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఇంటికాడ ఉన్నది. పాము కరిచింది మేడం. మొన్ననే దవఖాన నుంచి తెచ్చినం."

ఏత్మాబాయి గుడిసె ముందు మంచంలో సోంబాయి కూర్చుని ఉంది. ఎడమ కాలు మోకాలి నుంచి కిందికి అంతా కట్టే. పరిమళను చూడగానే నవ్వి, "నేను బాగున్నాను. మీరు బాగున్నారా?" అంది. తల్లి లోపలినుంచి వచ్చింది. నాలుగు నెలల్లో పదేళ్లు మీదపడ్డట్టు ఉంది. పరిమళ ముందు నిలబడి గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. మధ్యమధ్య చేత్తో చేనువైపు చూపించింది. మాస్టారు తెలుగులో చెప్పుకొచ్చాడు.

"పత్తి ఏరుతున్నరు అందరు. గట్టు మీద పిల్ల ఉన్నది. నడుమ పాము కనపడ్డది తల్లికి. ఆగు, రాకు, అక్కడనే ఉండు అని మొత్తుకున్నదట. పిల్ల తల్లి మొకం జూసింది. నవ్వింది. నవ్వుకుంట ఉరికొచ్చింది. పిలుస్తుందనుకున్నది."

ఏత్మాబాయి మాట ఆపి కూతురివైపు చూసింది. తర్వాత ఒక్కటే మాట అడిగింది.

"చెవుడొచ్చిందా నా బిడ్డకు అని అడుగుతుంది మేడం. దవఖాన్ల చూపిచ్చినం. చెవులు మంచిగనే ఉన్నయన్నరు."

పరిమళ మంచం పక్కన కింద కూర్చుంది. సంచిలోంచి బొమ్మల అట్టలు తీసింది. ఒక్కో అట్టా తల్లికి చూపించి, దాని పేరు ఆమె భాషలో చెప్పమంది. ఆ మాట విని పిల్ల ఏ బొమ్మను తాకుతుందో చూసింది. మొదటిది కుండ బొమ్మ. తల్లి చెప్పింది. పిల్ల తెల్లబోయి చూసింది. ఆవు. పిల్ల చూసింది. నిప్పు. చూసింది. తల్లి విసిగిపోయి, చెంబు ఎత్తి పిల్ల ముఖం ముందు ఊపి, "ఏర్‌! ఏర్‌!" అని అరిచింది.

"నీరు," అంది సోంబాయి భయంభయంగా. "నీళ్లు. మంచినీళ్లు."

ఒక మాటకు మూడు మాటలు వచ్చాయి పిల్లకు. అమ్మ మాట మాత్రం రాలేదు. ఇరవై నాలుగు అట్టల్లో అయిదు గుర్తుపట్టింది. ఆ అయిదూ పరిమళ పాఠాల్లో లేని వస్తువులు.

ఆ సాయంత్రం బడిలో మిగతా పిల్లలనూ కూర్చోబెట్టి అవే అట్టలు చూపించారు. మాస్టారు తన భాషలో ఒక్కో పేరూ చెబుతూ వచ్చాడు. సగం దాకా వచ్చాక అట్టలు కింద పెట్టేశాడు. బడిలో తనతో పిల్లలు తెలుగే మాట్లాడుతుంటే నేర్చుకున్న ఉత్సాహం అనుకున్నాడట. ఇళ్లల్లో పిల్లలు నోరు విప్పకపోతే, నాలుగక్షరాలు రాగానే పొగరెక్కిందని తల్లులు రెండు దెబ్బలు వేశారట. పొద్దంతా చేలల్లో ఉండేవాళ్లకు, పొద్దంతా బడిలో ఉండే పిల్లలు ఎప్పుడు ఏం పోగొట్టుకున్నారో తెలియలేదు.

"మీకు ముందే తెలుసా?" అని పరిమళ అడిగినప్పుడు విశ్వంభర్‌ అబద్ధమాడలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

"తెలుసు. మొదట ఇక్కడే, సిటీ పిల్లలకు ఇంగ్లీషు పెట్టి చూశాం. నెల తిరిగేసరికి తెలుగు జారడం మొదలైంది. తల్లులు వారంలోనే పసిగట్టి గొడవ చేశారు. ఆపేశాం."

"ఆపేసి, అడవిలోకి పంపించారు."

"అక్కడ పిల్లల ఇంటి భాషకు పరీక్ష లేదు, మార్కులు లేవు, రిజిస్టరు లేదు. పోయిందని పట్టుకునేవాళ్లు లేరు. ఇంకో రెండు మూడేళ్లు గడువు దొరికితే ఈ లోపం సరిచెయ్యగలను పరిమళా. అప్పుడు లక్షలమంది పిల్లలు..."

"ఇది తిరిగొస్తుందా, రాదా? అది చెప్పండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పట్టీతోనే తిరిగి పెట్టొచ్చు. గోండి పాఠాలు రాసి ఎక్కిస్తే అదీ అంతే గట్టిగా నాటుకుంటుంది. కానీ అప్పుడు తెలుగు పోతుంది. చదువూ పోతుంది. ఒకచోట రెండు అచ్చులు నిలబెట్టడం నాకింకా చేతకాలేదు."

పరిమళ బల్లమీద గుర్తింపు కార్డు పెట్టేసి బయటకొచ్చింది. వచ్చింది గానీ మెట్లమీదే ఆగిపోయింది. ఆ పాఠాలు తను రాసినవి. ఆ వేలిముద్రలు తను వేయించినవి. కార్డు బల్లమీద పెట్టేస్తే తీరిపోయేది కాదు అది.

వారం తిరక్కుండా గూడేనికి వెళ్లి అందరినీ బడి ముందు కూడేసింది. జరిగిందంతా చెప్పింది. మాస్టారు ఒక్కో వాక్యాన్నీ వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. తనను తిడతారని, కొడతారని కూడా అనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఎవరూ తిట్టలేదు. కుమ్ర జైతు పటేల్‌ లేచాడు. గూడెం పెద్ద. వచ్చిన తెలుగులోనే మాట్లాడాడు.

"మిషిన్‌లు తీస్కపోతవా?"

"తీసుకుపోతాను. పిల్లలకు ఇంకా నష్టం జరగకముందే."

"తీస్కపోవద్దు."

పరిమళకు అర్థం కాలేదు.

"నా తమ్ముడు దవఖాన్ల సచ్చిండు," అన్నాడు పటేల్‌. "ఎక్కడ నొస్తుందని డాక్టర్‌ అడిగిండు. చెప్పరాలే. కడుపు అనే మాట రాలే వానికి. ఇప్పుడు నా మనుమడు పట్టా కాయితం సదివిండు. జంగల్‌ సార్‌ వచ్చి చేను మాది కాదని దబాయిస్తె, గిట్ల రాసి లేదు సార్‌ అన్నడు. ఎనిమిదేండ్ల పోరడు! సార్‌ తిరిగి పోయిండు. మా మాట మాకు ఏం పెట్టింది? పోనీ."

వెనక మగవాళ్లు కొందరు తలలూపారు. ఆడవాళ్లు నేల చూశారు. పరిమళ ఆశగా మారుతి మాస్టారి వైపు తిరిగింది. ఆయన తల వంచుకునే అన్నాడు.

"నేను హాస్టల్ల సదివిన మేడం. మా మాట మాట్లాడితే ఈతబరిగెతోని కొట్టెటోళ్లు. ఏడేండ్లు కొట్టిండ్రు. మీ మిషిన్‌ కొట్టకుంట మరిపిస్తుంది. మా వాళ్లకు అదే నయమనిపిస్తుంది. నేనేం చెప్పాలె?"

అప్పుడు ఏత్మాబాయి ముందుకొచ్చింది. కూతురిని చంకనెత్తుకుని ఉంది. ఆమె ఒక్కతే తన బిడ్డ మాట తనకు తిరిగి ఇప్పించమంది. చదువు పోయినా సరేనంది. పరిమళ వెంటనే ఒప్పుకుంది. రెండు రోజులు ఆ గుడిసెలోనే కూర్చుని, ఏత్మాబాయి గొంతుతో నాలుగు వందల మాటలు రికార్డు చేసి లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మూడో రోజు పొద్దున సోంబాయిని బడిలో కూర్చోబెట్టి, పట్టీ కట్టి, ఏం జరగబోతోందో విడమరచి చెప్పింది. పిల్లకు అన్నీ అర్థమయ్యాయి. అంత చక్కగా అర్థం కావడమే పొరపాటైంది.

"అప్పుడు నేను చదవలేనా?"

"చదవలేవమ్మా."

"మీతో మాట్లాడలేనా? నా స్నేహితులతో?"

"వాళ్లతోనూ మాట్లాడలేవు."

సోంబాయి పట్టీని రెండు చేతులతో నుదుటినుంచి లాగేసింది. "నాకు వద్దు! దయచేసి వద్దు! నాకు చదవడం ఇష్టం!" అని ఏడుస్తూ, కుంటుతూ వెళ్లి బడి మూలలో ముడుచుకుని కూర్చుంది. ఆ మాటల్లో ఒక్కటీ తల్లికి తెలియదు. తెలియాల్సిన అవసరం లేకపోయింది. ఏత్మాబాయి నేలమీద పడ్డ పట్టీని తీసి, దుమ్ము దులిపి, పరిమళ చేతికిచ్చి వెళ్లిపోయింది.

ఆ చలికాలమంతా పట్టీలు ఆపమని పరిమళ అర్జీలు రాసింది. ఆఫీసుల ముందు బెంచీలమీద కూర్చుంది. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. ఆ గూడెం పిల్లలు జిల్లాలోనే బాగా చదువుతున్నారని ఒకాయన పత్రిక కత్తిరింపు చూపించాడు. తల్లిదండ్రులే తీసుకుపోవద్దన్నప్పుడు మీకేమిటమ్మా నొప్పి అని ఇంకొకాయన మర్యాదగానే అడిగాడు. సంక్షేమం పేరుతో జీపులు కొత్త గూడేలకు వెళ్తూనే ఉన్నాయి. పరిమళ రాసిన పాఠాలు ఆమె పేరు తీసేసి వాడుతున్నారు.

ఎండలు ముదురుతుండగా, మార్చి నెలలో ఆమె ఒంటరిగా బస్సు దిగి తొమ్మిది కిలోమీటర్లు నడిచి వెళ్లింది. గుడిసె ముందు ఏత్మాబాయి చాటతో జొన్నలు చెరుగుతోంది. తల ఎత్తి చూసి లేచి నిలబడింది.

"నమస్కారం. మీ రాక మాకు సంతోషం. దయచేసి కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?"

పరిమళ నిలబడ్డచోటే నిలబడిపోయింది. గొంతు ఏత్మాబాయిదే. వాక్యాలు తనవి.

మారుతి మాస్టారు తర్వాత చెప్పాడు. "మీరు పోయిన వారానికే వచ్చింది మేడం. బడి ఇడిసినంక రోజు వచ్చి కూసున్నది. బిడ్డనే పట్టీ కట్టింది, బిడ్డనే పాఠం పెట్టింది. వద్దన్న. నీది పోతదని చెప్పిన. తెలుసన్నది. ఎదిగిన మనిషి గదా, మిషిన్‌కు చానా సేపు పట్టింది. పిల్లలకు పోయిన దానికన్న ఎక్కువనే పోయింది ఆమెకు. ఆఖరి దినం నాతోని మా మాటల ఏందో చెప్పబోయింది. నడుమల ఆగింది. మల్ల తెలుగుల ఏం లేదు సార్‌ అన్నది."

ఇప్పుడు చేతిపంపు దగ్గర ఆడవాళ్లు ముచ్చట్లాడుకుంటుంటే ఆమె బిందె పట్టుకుని పక్కగా నిలబడుతుంది. వాళ్లు నవ్వితే ఆమె ముఖంలోకి కూడా ఒక నవ్వు వస్తుంది, ఒక్క క్షణం ఆలస్యంగా. భర్తది కూలి తెలుగు, ఆమెది పుస్తకం తెలుగు. ఉప్పు, అన్నం, రేపు వంటి మాటలతో ఆ ఇద్దరి సంసారం నడుస్తోంది.

"ఎందుకు చేశారిలా?" అంది పరిమళ. అడిగే హక్కు తనకు లేదని తెలిసే అడిగింది.

"నా కూతురితో మాట్లాడాలి. అందుకు," అంది ఏత్మాబాయి.

"బాధగా లేదా?"

ఏత్మాబాయి మళ్లీ చాట అందుకుంది. "బాధ అనే మాట పదిహేడవ పాఠంలో ఉంది. ఇది అదేనో కాదో నాకు తెలియదు."

మర్నాడు తెల్లవారగానే ఇప్పపూలు ఏరడానికి తల్లీకూతుళ్లు బయల్దేరితే పరిమళ కూడా వెంట వెళ్లింది. చెట్టు కింద నేలంతా తెల్లగా పూలు రాలి ఉన్నాయి. సోంబాయి కాలీడుస్తూనే చురుగ్గా ఏరుతోంది. తల్లి ప్రతి పనీ చేతులకు తెలిసినట్టే చేస్తోంది. చేతులు ఏమీ మరిచిపోలేదు. మధ్యమధ్య ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. బుట్ట నిండింది. ఎండ వస్తోంది. నీకు ఆకలి వేస్తోందా. లేదు. చిన్న చిన్న వాక్యాలు. రెండు మూడు మాటలవి. తల్లి ఒకసారి పిల్ల తల నిమిరింది. పిల్ల ఆ చేతికి తల ఆనించి నిలబడింది. ఆ ఒక్కటి చూసి పరిమళ, పోనీలే, ఇదైనా మిగిలింది అనుకుంది.

అంతలో పైకొమ్మలోంచి ఒక పిట్ట కూసింది. పొడుగ్గా లాగి, చివర్న రెండుసార్లు తెంచింది. గోధుమరంగు ఒళ్లు, తోక కొసన తెలుపు.

"అమ్మా, ఆ పక్షి పేరేమిటి?" అంది సోంబాయి.

ఏత్మాబాయి తల ఎత్తింది. ఆమె పెదవులు కదిలాయి. ఆ అడవిలో పుట్టి, ప్రతి ఏడూ ఆ కూత వింటూ పూలు ఏరిన మనిషి ఆమె. పెదవులు ఒక ఆకారానికి వచ్చాయి. దాంట్లోంచి ఏ శబ్దమూ రాలేదు. పరిమళ వైపు తిరిగింది.

"ఏమంటారమ్మా దాన్ని?"

పరిమళకు తెలియదు. పట్నంలో పెరిగిన మనిషి. ఆమె రాసిన పాఠాల్లో పిట్టలు నాలుగే.

ఏత్మాబాయి మళ్లీ పైకి చూసింది. వేళ్లు మడిచి లెక్కపెడుతూ కూతురికి నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది.

"అది కాకి కాదు. చిలుక కాదు. నెమలి కాదు. పావురం కాదు."

సోంబాయి ఇంకా ఏదో చెబుతుందని ఎదురుచూసింది. తల్లి వంగి పూలు ఏరుకోసాగింది.